స్కిన్లకు మనుషులున్నారు, సర్వర్‌కు లేరా?

ఆన్‌లైన్ గేమ్ ఏదైనా సరే, అప్‌డేట్ దిగిన రోజు వినబడే తిట్టు మాత్రం ఒకటే. "పింగ్ 200 దాటుతోంది, గోడలోంచి కాల్చేవాళ్లు లాబీ నిండా ఉన్నారు, అవన్నీ వదిలేసి మళ్లీ కొత్త డ్రెస్సులు దింపారు చూడు!" బీటెక్ రెండో ఏడు చదువుతున్న మా బాబాయి కొడుకు ఈ తిట్టుని నెలకోసారి ఫోన్ చేసి మరీ నాకు వినిపిస్తాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి ప్రపంచంలో ఏ యాప్ మొరాయించినా జవాబు నేనే చెప్పాలని వాడి నమ్మకం. "అన్నా, ఆ డ్రెస్సులు కుట్టేవాళ్లని తీసుకెళ్లి సర్వర్ దగ్గర కూర్చోబెట్టొచ్చు కదా?" అంటాడు.

కూర్చోబెట్టలేరు. ఎందుకో చెప్పాలంటే సినిమా సెట్‌ని మించిన ఉదాహరణ లేదు. ఫైట్ మాస్టర్ ఈ వారం ఖాళీగా ఉన్నాడు కదా అని పిలిచి పల్లవి రాయమంటే ఏం రాస్తాడు? గేమ్ కంపెనీలో కూడా అంతే. ఒక స్కిన్ వెనక బొమ్మ గీసే కాన్సెప్ట్ ఆర్టిస్టు ఉంటాడు, దాన్ని త్రీడీలో కట్టే మోడలర్ ఉంటాడు, రంగులూ మెరుపులూ అద్దేవాళ్లుంటారు, కదలిక ఇచ్చే యానిమేటర్ ఉంటాడు. సర్వర్ వెనక ఉండేది నెట్‌వర్క్ ప్రోగ్రామర్లు, డేటాబేస్ వాళ్లు, అర్ధరాత్రి అలారం మోగితే లేచి కూర్చునే ఆన్‌కాల్ బ్యాచ్. చీటర్లని పట్టేవాళ్లు మళ్లీ వేరే. ఆర్టిస్టులందరికీ నెల రోజులు సెలవిచ్చి ఊళ్లకి పంపినా మీ పింగ్ ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే. "ఆర్ట్ టీమ్ వేరు, కోడ్ టీమ్ వేరు" అనేది ఈ నెలకి నిజం. వచ్చే ఏడాదికి కాదు. కొత్తగా ఇరవై మందిని తీసుకోవడానికి చేతిలో డబ్బున్నప్పుడు, అందులో ఆర్టిస్టులెంతమంది, సర్వర్ ఇంజినీర్లెంతమంది అనేది ఎవరో ఒకరు కూర్చుని వేసిన లెక్క. అంటే మా వాడి ప్రశ్న తప్పు కాదు, కాకపోతే ఏడాది ఆలస్యంగా అడుగుతున్నాడు.

ఆ లెక్క ఎలా వేస్తారో నాకు కొంచెం తెలుసు. నేను పని చేసేది గేమ్ కంపెనీలో కాదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో. అయినా రెండు వారాలకోసారి జరిగే ప్లానింగ్ తంతు ఎక్కడైనా ఒకటే. లిస్టులో నూట యాభై పనులుంటాయి, మనుషులు చాలేది పన్నెండింటికి. పైకి లేచేవి ఏవంటే, నెలాఖరున పెద్దవాళ్లకి చూపించగలిగేవి. కొత్త బటన్ నొక్కి చూపిస్తే చప్పట్లు పడతాయి. "ఈ నెల ఏదీ కూలిపోలేదు" అని స్లైడ్ వేస్తే ఫోన్లోంచి తలెత్తి చూసేవాడుండడు. గేముల్లో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. ఎందుకంటే అక్కడ కొత్త బటన్‌కి ట్రైలర్ కూడా ఉంటుంది.

స్కిన్ల మీద కంపెనీలకి అంత ప్రేమ ఎందుకో చూద్దాం. గేమ్ ఉచితం. ఆడేవాళ్లలో ఎక్కువమంది రూపాయి తియ్యరు. తీసే కొద్దిమందే మిగతా అందరి సర్వర్ కరెంటు బిల్లు కడతారన్నమాట. వాళ్లకి అమ్మడానికి ఏదో ఒకటి ఉండాలి. కొత్త తుపాకీ అమ్మితే డబ్బున్నవాడే గెలుస్తున్నాడని గొడవ. పైగా ఒక తుపాకీ కొత్తగా వచ్చిందంటే ఉన్న తుపాకులన్నిటితో, మ్యాపులన్నిటితో దాన్ని పోల్చి పరీక్షించాలి. ఏ మూలో లెక్క తప్పితే నెల రోజులు అందరూ దాన్నే పట్టుకుని తిరుగుతారు. డ్రెస్సుతో ఆ బాధ లేదు. అది ఆటని ముట్టుకోదు. ఒకసారి తయారు చేశాక వెయ్యి మంది కొన్నా, పది లక్షల మంది కొన్నా తయారీ ఖర్చు అంతే. 2024లో బీజీఎమ్ఐలో దీపికా పదుకొణె పాత్రలు వచ్చాయి గుర్తుందా? అందులో ఉన్నది కొత్త ఆట కాదు, కొత్త వేషం. ప్రచారానికి ప్రచారం, అమ్మకానికి అమ్మకం. బ్యాలెన్స్ టీమ్‌కి నిద్ర చెడదు.

స్కిన్లు ఇక పక్కన పెడదాం, అది తేలిక లెక్క. అసలు తల నొప్పి ఆడుకునే సరుకు దగ్గరుంది. కథ, మిషన్లు, పెద్ద బాసులు, కొత్త మ్యాపులు, ఒకరితో ఒకరు తలపడే మోడ్‌లు. వీటిలో దేనికి ఎంతమందిని పెట్టాలి?

టిఫిన్ సెంటర్ మాస్టర్‌ని అడగండి, చెప్తాడు. ఇడ్లీ ఒక్క వాయి దింపితే బల్ల నిండా ప్లేట్లు నిండుతాయి. పెసరట్టు ఒక్కొక్కటే పొయ్యాలి, కస్టమర్ నాలుగు ముక్కల్లో లాగించి "ఇంకోటి" అంటాడు. కథా మిషన్ పెసరట్టు లాంటిది. వందమంది ఏడాది కష్టపడి పది గంటల కథ చేస్తారు. మనవాడు శనివారం మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించేసి, సోమవారం "గేమ్‌లో ఏమీ లేదురా" అంటాడు. మనిషితో మనిషి ఆడే మ్యాప్ అలా కాదు. ఒక్క మ్యాప్‌ని ఏళ్ల తరబడి ఆడతారు, ఎదురుగా ఉన్న మనిషి ప్రతిసారీ మారతాడు కాబట్టి. ఎరాంగెల్‌లో పోచింకిలో దిగడం ఎవరికైనా విసుగొచ్చిందా?

ఈ లెక్కని అందరికంటే ముందు, అందరికంటే బాధగా నేర్చుకున్నది 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' చేసిన బ్లిజార్డ్. 2004లో మొదలైన గేమ్ అది. 2006లో నాక్స్‌రామస్ అనే భారీ రెయిడ్ దింపారు. ఒక్కసారి లోపలికి వెళ్లాలంటే 40 మంది ఒకే టైముకి కంప్యూటర్ల ముందు కూర్చోవాలి, అందరికీ గట్టి ఆయుధాలుండాలి, నెలల ప్రాక్టీసుండాలి. మన దగ్గర షటిల్ కోర్టుకి నలుగురిని పోగు చేయడమే గగనం, 40 మందంటే పెళ్లికి జనాన్ని పిలిచినట్టే. దాంతో ఆ రెయిడ్ లోపల ఏముందో చూసినవాళ్లు మొత్తం ఆటగాళ్లలో పిడికెడు. ఆర్టిస్టులు గీసిన గోడలు, బాసులు, సంగీతం అన్నీ ఆ పిడికెడు మంది కోసమే అయ్యాయి.

2008 నవంబర్‌లో 'రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్' వచ్చినప్పుడు బ్లిజార్డ్ ఏం చేసిందంటే, అదే నాక్స్‌రామస్‌ని మళ్లీ తీసింది. ఈసారి 10 మంది, 25 మంది వెళ్లేలా, మామూలువాళ్లు కూడా పూర్తి చేసేలా. పాతవాళ్లు "మా పరువైన రెయిడ్‌ని సంత చేశారు" అని మండిపడ్డారు. కంపెనీ వైపు నుంచి చూస్తే, ఎవరూ చూడని సినిమాకి రీరిలీజ్. 2011 చివర్లో ఇంకో అడుగు వేసి, బటన్ నొక్కితే తెలియని 24 మందితో కలిపి రెయిడ్‌లోకి పంపే ఏర్పాటు పెట్టింది. దాని మీద పోట్లాట ఈరోజుకీ ఆగలేదు. కష్టపడకుండా చూపిస్తే గొప్పేముంది అని ఒక వర్గం. నేను రెండో వర్గం. ఎక్కువమంది చూస్తారని లెక్క తేలితేనే తర్వాతి రెయిడ్‌కి అంత మంది ఆర్టిస్టుల్ని ఇస్తారు. తేలిక మోడ్ ఆడే మామూలు జనమే, ఒకరకంగా, కష్టం మోడ్ ఆడే మొనగాళ్ల రెయిడ్‌కి చందా కడుతున్నారు.

అదే కంపెనీ 2014 నవంబర్‌లో 'వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్' దింపింది. మొదట్లో కోటి మందికి పైగా చందాదారులు. ఈ విడతలో పెద్ద ఆకర్షణ గ్యారిసన్, అంటే ఎవరి కోట వాళ్లకి. ముందు ప్రకటించిన రాజధాని నగరాలు చివరికి ఆ రూపంలో రాలేదు. 2015 ఫిబ్రవరిలో వచ్చిన ప్యాచ్‌లో జనం గుర్తు పెట్టుకున్నవి ఏంటో తెలుసా? గేమ్‌లో సెల్ఫీ తీసుకునే కెమెరా, ట్విటర్‌లో పెట్టుకునే సదుపాయం. కెమెరా చేసిన ఇద్దరు ముగ్గురిని మళ్లించినంత మాత్రాన రెయిడ్ తయారవదని ఇందాకే చెప్పుకున్నాం. కానీ ఆకలితో ఉన్నవాడి ముందు తమలపాకు పెడితే కోపం రాదూ? 2015 మార్చి చివరికి చందాదారులు 71 లక్షలు, జూన్ చివరికి 56 లక్షలు. ఆ జూన్‌లోనే ఆఖరి రెయిడ్ వచ్చింది. తర్వాత 2016 ఆగస్టు చివర్లో 'లీజియన్' వచ్చేదాకా, 14 నెలలు, కొత్త రెయిడ్ లేదు. ఈ మధ్యలో, 2015 నవంబర్‌లో, చందాదారుల సంఖ్య ఇకపై ప్రకటించబోమని కూడా కంపెనీ చెప్పేసింది. మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు దాచినట్టు.

మనుషుల్ని ఒక వైపు నుంచి లాగి ఇంకో వైపు పెట్టి కుబేరులైనవాళ్లు కూడా ఉన్నారు. ఎపిక్ గేమ్స్ 2017 జులైలో 'ఫోర్ట్‌నైట్' వదిలినప్పుడు అది జాంబీల్లాంటి జీవుల నుంచి కోట కాపాడుకునే ఆట, డబ్బు పెట్టి కొనాలి. అప్పటికే పబ్‌జీ ఊపు చూసి, దాదాపు రెండు నెలల్లో ఒక బ్యాటిల్ రాయల్ మోడ్ కట్టి సెప్టెంబర్‌లో ఉచితంగా వదిలారు. మిగతా కథ మీకు తెలుసు. తెలియని కథ 'ప్యారగాన్' అనే ఇంకో గేమ్‌ది. అదీ ఎపిక్‌దే, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఫోర్ట్‌నైట్ పేలేసరికి ప్యారగాన్ టీమ్‌లో చాలామంది అటు వెళ్లారు. 2018 జనవరిలో మూసేస్తున్నామని ప్రకటించి, ఏప్రిల్‌లో సర్వర్లు ఆపేశారు. కొన్నవాళ్లకి పూర్తి డబ్బు తిరిగిచ్చారు. కోటీ ఇరవై లక్షల డాలర్ల విలువైన ప్యారగాన్ పాత్రల్ని, సామగ్రిని వేరే డెవలపర్లు వాడుకునేందుకు ఉచితంగా ఇచ్చేశారు. ఆ బొమ్మలు ఈరోజుకీ కాలేజీ కుర్రాళ్ల ప్రాజెక్టుల్లో తిరుగుతుంటాయి. ఇంత మర్యాదగా మూసిన దుకాణాలు తక్కువ.

మర్యాద కుదరని కేసు 'ఓవర్‌వాచ్'. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే మనసు నొచ్చేది ఇదే.

2016లో వచ్చిన ఓవర్‌వాచ్ ఆరుగురూ ఆరుగురూ తలపడే ఆట. కథ పెద్దగా ఉండదు గానీ ఒక్కో హీరోకి తీసిన యానిమేషన్ చిన్న సినిమాలు చూసి జనం కథ కావాలని గోల పెట్టారు. సరే అని 2019 నవంబర్‌లో 'ఓవర్‌వాచ్ 2' ప్రకటించారు. కథా మిషన్లు, వాటితో పాటు హీరో మిషన్లని మళ్లీ మళ్లీ ఆడుకునే మోడ్, ఒక్కో హీరోకి టాలెంట్ల చెట్టు. అంటే మీరు ఎంత ఆడితే మీ హీరో అంత మారతాడన్నమాట. డెమో చూసినవాళ్లు ఎగిరి గంతేశారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇరవై ముప్ఫై మంది హీరోలు. ఒక్కొక్కరికి డజన్ల కొద్దీ టాలెంట్లు. అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఏమవుతుందో పరీక్షించాలి. శత్రువులుగా ఆడే రోబోలకి కొత్త తెలివి రాయాలి. అన్నిటికీ కొత్త మ్యాపులు. ఇవన్నీ చేసేది ఎవరు? ఆరుగురి ఆటకి హీరోలు, మ్యాపులు చేస్తున్నవాళ్లే. ఫలితం ఏంటంటే, 2020 ఏప్రిల్‌లో ఎకో అనే హీరో వచ్చాక 2022 అక్టోబర్ దాకా కొత్త హీరో లేడు. రెండున్నరేళ్లు. రోజూ లాగిన్ అయ్యే నిఖార్సయిన అభిమానులు అవే మ్యాపుల్లో, అవే హీరోలతో, "ఓవర్‌వాచ్ 2 రానీ, అప్పుడు చూద్దాం" అనుకుంటూ గడిపారు. ఈలోగా 2021లో డైరెక్టర్ జెఫ్ కాప్లాన్ కంపెనీ వదిలి వెళ్లారు.

2022 అక్టోబర్‌లో రెండో భాగం వచ్చింది. ఉచితంగా వచ్చింది, ఐదుగురి టీములతో వచ్చింది, బ్యాటిల్ పాస్‌తో వచ్చింది. దేని పేరు చెప్పి ఇన్నాళ్లు ఆపారో ఆ హీరో మిషన్లు మాత్రం తర్వాత వస్తాయన్నారు. 2023 మేలో అసలు రావని చెప్పేశారు. కొత్త డైరెక్టర్ ఆరన్ కెల్లర్ ఆ సమయంలో ఇచ్చిన వివరణలో సారం ఇది: మా ఊహ చాలా పెద్దది, దాన్ని నిజం చేయడానికి నడుస్తున్న గేమ్ నుంచి మనుషుల్ని లాగుతూనే పోయాం. ఇంత సూటిగా ఒప్పుకోవడం కార్పొరేట్ భాషలో అరుదు, ఆ మాటకి గౌరవం ఇవ్వాలి. కానీ ఆ రెండున్నరేళ్లు ఎవరివి? చందా లేదు కాబట్టి రీఫండ్ అడగడానికీ ఏమీ లేదు. ఆగస్టులో మూడు కథా మిషన్లని 15 డాలర్ల ప్యాక్‌గా అమ్మారు. జనం అంతగా కొనలేదంటే ఆశ్చర్యమేముంది, పెళ్లి భోజనం అని పిలిచి పులిహోర పొట్లం చేతిలో పెట్టి డబ్బులడిగితే?

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. 2025లో అదే ఓవర్‌వాచ్‌లోకి మ్యాచ్ మధ్యలో హీరో శక్తుల్ని మార్చుకునే పెర్క్‌లు వచ్చాయి, తర్వాత రౌండ్ రౌండ్‌కీ శక్తులు కొనుక్కునే స్టేడియం మోడ్ వచ్చింది. టాలెంట్ల చెట్టు వాసన వాటిలో స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే ఈసారి రోబోలూ, కథా లేవు. ఎదురుగా మనుషులు. పెసరట్టు పిండితో ఇడ్లీ వేశారు, బాగానే అమ్ముడుపోయింది.

పైన చెప్పినవన్నీ కొత్త సరుకులో ఏది ముందు అన్న గొడవ. కొత్తది ఆపి పాతది బాగు చేయడం అనే సాహసం ఒకరు చేశారు, యూబీసాఫ్ట్ వాళ్ల 'రెయిన్‌బో సిక్స్ సీజ్'. 2015 చివర్లో వచ్చినప్పుడు బగ్గుల పుట్ట అది. మూడు నెలలకోసారి కొత్త ఆపరేటర్లు, కొత్త మ్యాప్ ఇస్తూ నెట్టుకొచ్చారు. 2017 మేలో మాత్రం "ఈ సీజన్‌లో కొత్తది ఏదీ ఇవ్వం, మూడు నెలలు రిపేర్లే" అని ప్రకటించి దానికి 'ఆపరేషన్ హెల్త్' అని పేరు పెట్టారు. మ్యాచ్‌మేకింగ్, సర్వర్లు, గుళ్లు తగిలీ తగలనట్టు చూపించే తిక్కలు, వీటి మీదే పని. దానికి కట్టిన మూల్యం కూడా దాచలేదు. పోలండ్ పేరుతో రావలసిన మ్యాప్ రద్దయింది, పోలండ్ ఆపరేటర్లిద్దరినీ తర్వాతి సీజన్లలో సర్దారు. ఏడాది పాస్ కొనుక్కున్నవాళ్లు గొణిగారు. ఏం జరిగింది? ఆ గేమ్ ఇంకా బతికే ఉంది, 2025లో 'సీజ్ ఎక్స్' అని కొత్త చొక్కా కూడా తొడుక్కుంది. ఒక్క రిపేర్ సీజనే కాపాడిందని నేననను. కానీ ఆ మూడు నెలలు పోస్టర్ మీద వెయ్యడానికి ఏమీ లేకుండా మీటింగ్‌లో నిలబడిన ఆ మేనేజర్ ఎవరో గానీ, నేను ఆయన టీమ్‌లో పని చేయడానికి రెడీ.

"ఇదంతా ఎందుకన్నా, ఆడేవాళ్లనే అడిగితే పోదా?" అని మా వాడి తర్వాతి ప్రశ్న. అడిగినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని జాజెక్స్ కంపెనీ 2013లో 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' మొదలుపెట్టినప్పుడే ఒక నియమం పెట్టుకుంది. కొత్తగా ఏం చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటింగ్, 75 శాతం ఒప్పుకుంటేనే చేర్చడం. తర్వాత దాన్ని 70కి తగ్గించారు. పంచాయతీ ఎన్నికల్లో ఎవరికీ రాని మెజారిటీ అది. అందుకే కొత్త నైపుణ్యం చేర్చుదామని 2014లో ఒకటి, 2015లో ఒకటి, 2019లో ఒకటి పెడితే మూడూ ఓడిపోయాయి. 2015లో ఓడిన పడవ నడిపే నైపుణ్యమే చివరికి 2023లో నెగ్గింది. ఓటింగ్ వల్ల గేమ్ చెడగొట్టే పిచ్చి ఆలోచనలు ఆగాయి, నిజమే. కానీ ఇంకోటి కూడా జరిగింది. మనుషులతో తలపడేవాళ్లు ఆ గేమ్‌లో మైనారిటీ. వాళ్ల కోసం ఏం ప్రతిపాదించినా మిగతావాళ్లు "మాకెందుకు" అని కొట్టేసేవాళ్లు. చివరికి ఆట నిజాయితీకి సంబంధించిన కొన్ని మార్పులకి ఓటింగ్ లేకుండానే చేస్తామని కంపెనీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఓటు పెట్టినా, ఎక్కువమందికి కావలసిందే తయారవుతుంది. మేనేజర్ ఎక్సెల్‌లో వేసే లెక్కకీ దీనికీ తేడా ఎంత?

'గెన్షిన్ ఇంపాక్ట్' ఆడేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఆరు వారాలకోసారి గడియారం ముల్లులా కొత్త వెర్షన్ వస్తుంది. కొత్త ప్రాంతాలు, కొత్త పాత్రలు, పండుగలు. పాత్రల్ని బాగా పెంచుకున్నవాళ్లు చేయి చూపించుకోవడానికి మాత్రం 2020 నుంచి 2024 దాకా స్పైరల్ అబిస్ ఒక్కటే దిక్కు. మొనగాళ్లు అడుగుతూనే ఉన్నారు. కంపెనీ దృష్టి మాత్రం రోజూ ఇరవై నిమిషాలు తిరిగి, పువ్వులు కోసుకుని వెళ్లిపోయే జనం మీదే ఉండిపోయింది. వ్యాపారంగా అది తప్పని నేను చెప్పలేను.

ఒకసారి చేసిన సరుకుకి తర్వాత కూడా ఖర్చు ఉంటుందని మనం మర్చిపోతాం. ప్రతి కొత్త అప్‌డేట్‌తో పాత మిషన్లన్నీ మళ్లీ పరీక్షించాలి. 'డెస్టినీ 2' వాళ్లు 2020 నవంబర్‌లో ఆ బరువు మోయలేక నాలుగు గ్రహాలనీ, మొదటి కథనీ గేమ్‌లోంచే తీసేశారు. జనం డబ్బు పెట్టి కొన్నవి అవి! నా దృష్టిలో ఇది గీత దాటడమే. సినిమా థియేటర్లోంచి తీసేయడం వేరు, నేను కొన్న సీడీ ఇంట్లోంచి పట్టుకుపోవడం వేరు.

ఇక మన దగ్గరి సంగతి. మన కుర్రాళ్లలో ఎంతమంది చేతిలో ఖరీదైన ఫోన్లున్నాయి? తక్కువ ర్యామ్ ఫోన్ల కోసం పబ్‌జీ మొబైల్ లైట్ ఉండేది. వంద మందికి బదులు 60 మంది, చిన్న మ్యాప్. అన్నయ్య వాడి పక్కన పెట్టిన ఫోన్‌లో కూడా ఆడేది. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం 118 యాప్‌లని నిషేధించినప్పుడు పబ్‌జీతో పాటు లైట్ కూడా పోయింది. 2021 జులైలో పెద్దది బీజీఎమ్ఐ పేరుతో తిరిగొచ్చింది. దాంతో పాటు లైట్ రాలేదు. మా ఊళ్లో, టెన్త్ అయ్యాక ఇంట్లోవాళ్లు కొనిచ్చిన ఎనిమిది వేల ఫోన్‌తో ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు. అన్నీ స్మూత్‌లో పెట్టుకుని, ఫోన్ పెనంలా వేడెక్కుతుంటే పెద్ద గేమే ఆడటం మొదలుపెట్టారు. ఇంకోవైపు ఖరీదైన ఫోన్లకి సెకనుకి 90 ఫ్రేముల ఆట.

లైట్ అంటే బొమ్మల సైజు తగ్గించేస్తే అయిపోయేది కాదు. వేరే మ్యాపులు, వేరే బిల్డ్, పదుల కొద్దీ చవక ఫోన్ల మీద ప్రతి అప్‌డేట్‌కీ పరీక్షలు, చీటర్లని పట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇంకో కాపీ. ఒకే ఇంటికి రెండు వంటిళ్లు. రెండో వంటింట్లో తినేవాళ్లు స్కిన్లు తక్కువ కొంటారని ఎక్సెల్ చెప్తుంది. ఆ పిల్లలకి వచ్చిన జవాబు ఏ ప్యాచ్ నోట్స్‌లోనూ రాసి ఉండదు. లిస్టులో నూట యాభయ్యో వరసలో ఉన్న పనికి ఎవరూ "లేదు" అని చెప్పరు, "తర్వాత చూద్దాం" అంటారు, అంతే.

అందుకే మా వాడికి ఒక చిట్కా చెప్పాను. కంపెనీ విడుదల చేసే రోడ్‌మ్యాప్ బొమ్మల్ని నమ్మకు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీ చూడు. గేమ్ స్టూడియోలు చాలావరకు ఖాళీలని బహిరంగంగానే పెడతాయి. కాస్మెటిక్స్ ఆర్టిస్టులు, మానిటైజేషన్ డిజైనర్లు అని వరసగా ఉండి, నెట్‌వర్క్ ఇంజినీర్ అనే మాటే లేదంటే వచ్చే రెండు సీజన్లలో నీ పింగ్ ఏమవుతుందో నువ్వే ఊహించుకోవచ్చు. యాంటీ చీట్ ఇంజినీర్లు కావాలి అని కనబడితే మంచిదే. కాకపోతే ఆ మనిషి దొరకాలి, పాత ఉద్యోగంలో నోటీసు పీరియడ్ ముగించుకుని చేరాలి, ఆ పాత కోడ్ అర్థం చేసుకోవాలి. ఆయన పట్టిన మొదటి చీటర్ నీ లాబీలోంచి మాయమయ్యేసరికి నువ్వు మూడో ఏడు పరీక్షలు రాస్తుంటావు.